27 గొంతులు, ఒకే సంత: ఐరోపా సమాఖ్య విదేశాంగ విధానం ఎక్కడ నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది

2023 అక్టోబరులో ఐరోపా సమాఖ్య (ఈయూ) ప్రపంచానికి రెండు రకాలుగా కనిపించింది. ఆ నెల 1వ తేదీన కర్బన సరిహద్దు సర్దుబాటు విధానం తొలి దశ అమల్లోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తులను బయటి నుంచి తెచ్చుకునే ప్రతి దిగుమతిదారూ వాటి తయారీలో ఎంత కర్బనం వెలువడిందో లెక్క చూపాలని ఆ విధానం నిర్దేశించింది. భారత్, చైనా వంటి దేశాలు గట్టిగా అభ్యంతరం చెప్పినా 27 దేశాల సరిహద్దుల్లోనూ ఒకే రోజున, ఒకే నిబంధన మొదలైంది. అదే నెల 27వ తేదీన గాజాలో మానవతా దృక్పథంతో పోరు ఆపాలని కోరే తీర్మానం ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభలో ఓటింగుకు వచ్చింది. అక్కడ అవే 27 దేశాలు మూడు ముక్కలయ్యాయి. ఫ్రాన్స్, స్పెయిన్, ఐర్లాండ్ సహా 8 దేశాలు అనుకూలంగా, ఆస్ట్రియా, హంగరీ, చెకియా, క్రొయేషియా వ్యతిరేకంగా ఓటు వేయగా, జర్మనీ, ఇటలీతో పాటు మిగిలిన 15 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి.

నాలుగు వారాలలోపే ఒకే కూటమి ఇంత తేడాగా కనిపించడానికి నాయకుల సమర్థతలో హెచ్చుతగ్గులు కారణమని చెప్పుకోవడం తేలిక. అసలు కారణం ఈయూ మూల ఒప్పందాల్లో ఉంది. ఏ విషయం ఏ అధికరణ కిందికి వస్తుందో, ఆ అధికరణ కింద నిర్ణయం తీసుకోవడానికి ఎందరు ఒప్పుకోవాలో దాన్ని బట్టే ఈయూ ఒకసారి మహాశక్తిగా, మరొకసారి వాదప్రతివాదాల సభగా కనిపిస్తుంది. సరుకు, సుంకం, ప్రమాణం, చేపల వేట వంటి విషయాల్లో అది దాదాపు ఒక రాజ్యంలా వ్యవహరిస్తుంది. యుద్ధం, గుర్తింపు, ఆంక్షలు, మానవ హక్కుల ఖండన వంటివి వచ్చేసరికి 27 రాజధానుల అనుమతి కోసం ఎదురుచూస్తుంది. ఈ గీత ఎక్కడుందో తెలుసుకోకుండా ఈయూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకోవడం గానీ, ఎగతాళి చేయడం గానీ అర్థంలేని పని.

అధికారం ఎవరిది

1957 నాటి రోమ్ ఒప్పందంలోనే ఉమ్మడి వాణిజ్య విధానానికి పునాది పడింది. కస్టమ్స్ సుంకాలు ఒకటైనప్పుడు బయటి దేశాలతో బేరమాడే నోరు కూడా ఒకటే కావాలన్నది అప్పటి తర్కం. ఆ తర్కం ప్రకారం విదేశీ వాణిజ్య చర్చల బాధ్యత కూటమి కార్యనిర్వాహక విభాగమైన, బ్రసెల్స్‌లోని ఐరోపా కమిషన్‌కు దక్కింది. రాజకీయపరమైన విదేశాంగ విధానం మాత్రం చాలా ఆలస్యంగా, 1993 నవంబరులో అమల్లోకి వచ్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందంతో ‘ఉమ్మడి విదేశాంగ, భద్రతా విధానం’ పేరిట చోటు సంపాదించింది. అప్పుడు కూడా దాన్ని కమిషన్‌కు అప్పగించకుండా, ప్రభుత్వాల మధ్య సంప్రదింపులతో నడిచే ప్రత్యేక స్తంభంగా ఉంచారు. 1999లో హవియెర్ సొలానా ఆ విధానానికి తొలి ఉన్నత ప్రతినిధిగా పగ్గాలు చేపట్టి పదేళ్లు కొనసాగారు.

2009 డిసెంబరు 1న అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం ఈ ఏర్పాటుకు కొత్త రూపం ఇచ్చింది. ఈయూకు న్యాయపరమైన వ్యక్తిత్వం లభించింది. ఉన్నత ప్రతినిధి పదవిని కమిషన్ ఉపాధ్యక్ష పదవితో కలిపారు. సొంత దౌత్య విభాగం ఏర్పడింది. దానికి నేడు ప్రపంచవ్యాప్తంగా 140కి పైగా దౌత్య కార్యాలయాలు ఉన్నాయి. కేథరిన్ ఆష్టన్, ఫెదెరికా మొగెరీని, జోసెప్ బొరెల్ తరువాత 2024 డిసెంబరు నుంచి ఎస్టోనియా మాజీ ప్రధాని కాయా కల్లాస్ ఆ పదవిలో ఉన్నారు.

ఇన్ని మార్చినా లిస్బన్ ఒప్పందం ఒక్కదాన్ని ముట్టుకోలేదు. విదేశాంగ, భద్రతా విధానంలో నిర్ణయాలకు ఏకగ్రీవం తప్పనిసరి అన్న నియమం అలాగే నిలిచింది. మిగతా చాలా విషయాల్లో సభ్యదేశాల్లో 55 శాతం, అంటే 27లో 15 దేశాలు, ఈయూ జనాభాలో 65 శాతానికి ప్రాతినిధ్యం వహిస్తూ ఒప్పుకుంటే సరిపోతుంది. విదేశాంగ విధానంలో మాత్రం ఐదారు లక్షల జనాభా ఉన్న మాల్టా కూడా 8 కోట్లకు పైగా జనాభా ఉన్న జర్మనీని ఆపగలదు. దీనికి చిన్న వెసులుబాటుగా ‘నిర్మాణాత్మక గైర్హాజరు’ అనే పద్ధతి ఉంది. ఒక దేశం ఓటు వేయకుండా పక్కకు తప్పుకొని, ఆ నిర్ణయం తనకు వర్తించదని ప్రకటిస్తూనే మిగతావారి దారికి అడ్డు రాకుండా ఉండవచ్చు. 2008లో కొసావోకు ఈయూ న్యాయపాలన బృందాన్ని పంపినప్పుడు సైప్రస్ ఈ దారి పట్టింది. ఉక్రెయిన్‌కు ఆయుధాల కోసం ఉమ్మడి నిధి వాడినప్పుడు ఆస్ట్రియా, ఐర్లాండ్, మాల్టా ఇదే పద్ధతిలో తప్పుకున్నాయి.

ఏకగ్రీవ నియమాన్ని సడలించడానికి ఒప్పందంలోనే ఒక వంతెన నిబంధన ఉంది. దాని ప్రకారం కొన్ని విషయాలను మెజారిటీ ఓటింగుకు మార్చుకోవచ్చు. అయితే ఆ మార్పుకు కూడా ఏకగ్రీవమే కావాలి. వీటో తీసేయడానికి వీటో ఉన్న ప్రతి ఒక్కరూ తలూపాలన్న మాట. 2023 మేలో జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ సహా తొమ్మిది దేశాలు మెజారిటీ ఓటింగు కోసం ఒక మిత్ర బృందంగా ఏర్పడ్డాయి. చిన్న దేశాలు, ముఖ్యంగా తూర్పు ఐరోపా దేశాల్లో కొన్ని, ఈ ప్రతిపాదనను అనుమానంగా చూస్తున్నాయి. పెద్ద దేశాల మాటే చెల్లుబాటవుతుందన్న వారి భయం నిరాధారమైనదేమీ కాదు.

ప్రాతినిధ్యం విషయంలోనూ గందరగోళం తీరలేదు. దేశాధినేతల స్థాయిలో ఐరోపా మండలి అధ్యక్షుడు, వాణిజ్యం, పర్యావరణం వంటి వాటిలో కమిషన్ అధ్యక్షురాలు, మంత్రుల స్థాయిలో ఉన్నత ప్రతినిధి ఈయూ తరఫున మాట్లాడతారు. 2021 ఏప్రిల్‌లో అంకారాలో టర్కీ అధ్యక్షుడు ఎర్డొగాన్‌ను కలిసేందుకు మండలి అధ్యక్షుడు చార్ల్స్ మిషెల్, కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లెయెన్ కలిసి వెళ్లారు. గదిలో పెద్ద కుర్చీలు రెండే ఉన్నాయి. ఎర్డొగాన్, మిషెల్ వాటిలో కూర్చోగా, వాన్ డెర్ లెయెన్ కాసేపు నిలబడి, చివరికి పక్కనున్న సోఫాలో కూర్చోవలసి వచ్చింది. ప్రపంచమంతా ఆ వీడియోను చూసింది. మహిళ పట్ల అమర్యాద కోణం ఎంత ఉందో, ఈయూ తరఫున మొదటి స్థానం ఎవరిదో ఈయూయే తేల్చుకోని కోణం కూడా అంతే ఉంది.

సమితిలో పరిశీలకుడి కుర్చీ

ఐక్యరాజ్య సమితి దేశాల కోసం ఏర్పడిన సంస్థ. దాని సభ్యత్వం రాజ్యాలకే దక్కుతుంది. అందుచేత 1974 నుంచి ఐరోపా కూటమికి సర్వప్రతినిధి సభలో పరిశీలక హోదా మాత్రమే ఉంది. సభ్యదేశాలు మాట్లాడటం పూర్తయ్యాక మాట్లాడే అవకాశం తప్ప ఆ హోదా వల్ల ఒనగూరేది పెద్దగా లేదు. లిస్బన్ ఒప్పందం తరువాత, అంతవరకు ఆరు నెలలకోసారి మారే అధ్యక్ష దేశం ఈయూ తరఫున మాట్లాడే పద్ధతి పోయి, ఈయూ ప్రతినిధులే మాట్లాడవలసి వచ్చింది. పరిశీలకుడి స్థానం నుంచి ఆ పని సాధ్యం కాదు కనుక హోదా పెంచాలని 2010లో తీర్మానం ప్రవేశపెట్టారు.

బ్రసెల్స్ దీన్ని లాంఛనంగా భావించినట్టుంది. 2010 సెప్టెంబరు 14న కరీబియన్ దేశాల తరఫున సురినామ్ ఈ చర్చను వాయిదా వేయాలని ప్రతిపాదించింది. ఆఫ్రికా దేశాలు చాలావరకు దానికి మద్దతు పలికాయి. వాయిదాకు అనుకూలంగా 76, వ్యతిరేకంగా 71 ఓట్లు పడ్డాయి. 26 దేశాలు ఓటు వేయలేదు. అభివృద్ధి సాయంలో ప్రపంచంలోనే ముందువరుసలో ఉన్న ఈయూను ఆ సాయం అందుకునే దేశాలే ఓడించాయి. వాటి వాదనలో బలముంది. ఒక ప్రాంతీయ కూటమికి ప్రత్యేక హక్కులిస్తే ఆఫ్రికా సమాఖ్య, కరీబియన్ కూటమి వంటి వాటి సంగతేమిటి? 27 ఓట్లున్న దేశాలకు ఇరవై ఎనిమిదో గొంతు దేనికి?

ఎనిమిది నెలల బేరసారాల తరువాత 2011 మే 3న తీర్మానం 180 ఓట్లతో నెగ్గింది. సిరియా, జింబాబ్వే మాత్రమే ఓటింగుకు దూరంగా ఉన్నాయి. ఇతర ప్రాంతీయ కూటములు కూడా ఇలాంటి హక్కులు కోరుకోవచ్చన్న వెసులుబాటు తీర్మానంలో చేరాకే ఆ మద్దతు దొరికింది. దానివల్ల ఈయూకు దక్కినవి పరిమితమైన హక్కులు. ప్రధాన కూటముల ప్రతినిధుల వరుసలో మాట్లాడవచ్చు, సాధారణ చర్చలో పాల్గొనవచ్చు, సభ్యదేశాలు అంగీకరించిన ప్రతిపాదనలను, సవరణలను మౌఖికంగా ప్రవేశపెట్టవచ్చు, ఒకసారి జవాబు చెప్పవచ్చు. అయితే ఈయూ ప్రవేశపెట్టిన ప్రతిపాదన ఓటింగుకు రావాలంటే ఏదో ఒక సభ్యదేశం అడగాలి. ఓటు లేదు, అభ్యర్థులను నిలబెట్టే హక్కు లేదు. ఆ సెప్టెంబరులోనే అప్పటి ఐరోపా మండలి అధ్యక్షుడు హెర్మన్ వాన్ రాంపై సభలో ప్రసంగించారు.

హక్కులు వచ్చిన ఏడాదిలోనే లోపలి గొడవ మొదలైంది. సమితి వేదికలపై ఈయూ చేయదలచిన 70కి పైగా ప్రకటనలను 2011లో బ్రిటన్ అడ్డుకుంది. ప్రకటన ‘ఈయూ తరఫున’ చేయాలా, ‘ఈయూ, దాని సభ్యదేశాల తరఫున’ చేయాలా అన్నదే తగాదా. బయటివారికి ఇది వెంట్రుకలు లెక్కపెట్టే వ్యవహారంగా తోస్తుంది. అయితే అధికారం సభ్యదేశాలదో, కూటమిదో ప్రతి ప్రకటనా ఒక ఆధారంగా మిగులుతుంది కనుక లండన్ న్యాయవాదులకు అది అల్పవిషయం కాలేదు.

భద్రతా మండలిలో ఈయూకు స్థానం లేదు. బ్రిటన్ 2020 జనవరి 31న వైదొలగాక, శాశ్వత సభ్యత్వం ఉన్న ఏకైక ఈయూ దేశం ఫ్రాన్స్. మండలిలో ఉన్న ఈయూ దేశాలు పరస్పరం సంప్రదించుకోవాలని, ఈయూకు నిర్దిష్ట వైఖరి ఉన్న అంశంపై ఉన్నత ప్రతినిధిని పిలిపించి మాట్లాడించాలని ఒప్పందంలోని 34వ అధికరణ చెబుతుంది. ఫ్రాన్స్ తన వీటోను పంచుకోవడానికి సిద్ధంగా లేదు. జర్మనీ తనకు సొంత శాశ్వత స్థానం కావాలంటూ భారత్, జపాన్, బ్రెజిల్‌లతో కలిసి నాలుగు దేశాల బృందంగా ప్రయత్నిస్తుంటే, కొత్త శాశ్వత స్థానాలే వద్దనే ఎదుటి బృందంలో పాకిస్థాన్‌తో పాటు ఇటలీ, స్పెయిన్ ముందున్నాయి. ఈయూలోని ఈ అంతర్గత పోటీ భారత్ ఆశలకు అడ్డుపడుతున్న కారణాల్లో ఒకటి.

ఇంత చెప్పినా, సర్వప్రతినిధి సభలో ఈయూ దేశాలు అత్యధిక తీర్మానాలపై ఒకేలా ఓటు వేస్తాయి. ఉక్రెయిన్‌పై దండయాత్రను ఖండించే తీర్మానం 2022 మార్చి 2న 141 ఓట్లతో నెగ్గినప్పుడు 27 దేశాలూ ఒక్కటిగా నిలిచాయి. చీలికలు వచ్చేది ఎక్కువగా పాలస్తీనా, అణ్వస్త్రాలు, వలస వంటి కొన్ని విషయాల్లోనే. 2017 డిసెంబరులో జెరూసలేం హోదాపై జరిగిన ఓటింగులో హంగరీ, పోలండ్, రుమేనియా, చెకియా, క్రొయేషియా, లాత్వియా తటస్థంగా ఉండిపోయాయి. చిక్కేమిటంటే, ప్రపంచం గమనించేది కూడా సరిగ్గా ఆ కొన్ని విషయాలనే.

రోమ్‌లో ఒక పద్ధతి, జెనీవాలో ఒకటి, వాషింగ్టన్‌లో మరొకటి

న్యూయార్క్ దాటి ఇతర సంస్థల వైపు చూస్తే పరిస్థితి వేరుగా ఉంటుంది. రోమ్ నగరంలో ఉన్న ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తన నిబంధనావళిని సవరించి, ప్రాంతీయ ఆర్థిక సమైక్య సంస్థలకు సభ్యత్వం ఇచ్చే వీలు కల్పించింది. 1991 నవంబరులో ఐరోపా కూటమి అందులో సభ్యురాలైంది. సభ్యదేశాలూ సభ్యులుగా కొనసాగాయి. మరి ఓటు ఎవరిది? ప్రతి సమావేశానికి ముందు, చర్చనీయాంశాల జాబితాలోని ఒక్కొక్క అంశానికి ఎదురుగా అధికారం ఈయూదా, సభ్యదేశాలదా, ఉమ్మడిదా, ఓటు ఎవరు వేస్తారు అన్నది రాసి ఇవ్వాలి. ఈయూ ఓటు వేస్తే 27 ఓట్లు, సభ్యదేశాలు వేస్తే విడివిడిగా 27. రెండూ కలిపి మాత్రం కుదరదు. పదవులకు పోటీ చేసే హక్కు ఈయూకు లేదు.

ఈ పట్టిక నింపడం దగ్గరే తగాదా కోర్టుకెక్కింది. సముద్రంలో చేపలు పట్టే నౌకలు సంరక్షణ నియమాలు పాటించేలా చూసే ఒప్పందం 1993లో ఎఫ్‌ఏఓ ముందుకు వచ్చినప్పుడు, ఓటు సభ్యదేశాలదే అని ఆ దేశాల మంత్రులతో కూడిన కూటమి మంత్రుల మండలి తీర్మానించింది. ఆ నిర్ణయాన్ని కమిషన్ సవాలు చేసింది. మత్స్య సంపద సంరక్షణ కూటమికే చెందిన అధికారం కనుక ఓటు కూడా దానిదేనని లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం 1996 మార్చిలో మండలి నిర్ణయాన్ని కొట్టివేసింది. ఇదే తర్కం మరికాస్త ముందుకు సాగింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థలో ఈయూ సభ్యురాలు కాదు, గ్రీస్ సభ్యురాలు. నౌకల భద్రతపై గ్రీస్ అక్కడ సొంతంగా ఒక ప్రతిపాదన పెట్టినందుకు, ఆ విషయంలో ఈయూ నిబంధనలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి గ్రీస్ తన బాధ్యతను ఉల్లంఘించిందని 2009లో అదే కోర్టు తీర్పు చెప్పింది. ప్రపంచంలోనే అతిపెద్ద నౌకా యాజమాన్య దేశాల్లో ఒకటైన గ్రీస్‌కు, తాను సభ్యురాలైన సంస్థలో, తన పేరుతో కాగితం పెట్టే స్వేచ్ఛ లేకపోయింది. సమితిలో ఓటు చీల్చుకోగల దేశం ఇక్కడ నోరు విప్పలేకపోవడం ఈయూ తీరును పట్టిచ్చే ఉదాహరణ.

జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థలో 1995 నుంచి ఈయూ, దాని సభ్యదేశాలు రెండూ సభ్యులే. సమావేశాల్లో మాట్లాడేది దాదాపు ఎప్పుడూ కమిషన్ ప్రతినిధే. సభ్యదేశాల దౌత్యవేత్తలు వింటూ కూర్చుంటారు. సంస్థ బడ్జెట్ కమిటీలో మాత్రం వారు మాట్లాడతారు, ఎందుకంటే చందా కట్టేది వారే. అమెరికా కొత్త సభ్యుల నియామకాన్ని అడ్డుకోవడంతో 2019 డిసెంబరులో అప్పీలు వ్యవస్థ మూతపడినప్పుడు, దానికి బదులుగా 2020లో ఒక మధ్యంతర అప్పీలు ఏర్పాటును చైనా, బ్రెజిల్, కెనడా, ఆస్ట్రేలియాలతో కలిసి నిలబెట్టిన ఘనత ఈయూదే. భారత్ అందులో చేరలేదు. ఆ తేడా ఫలితం త్వరలోనే కనిపించింది. మొబైల్ ఫోన్లు, ఇతర ఐటీ పరికరాలపై భారత్ వేసిన సుంకాలు నిబంధనలకు విరుద్ధమని 2023 ఏప్రిల్‌లో విచారణ బృందం ఈయూకు అనుకూలంగా తేల్చింది. ఆ ఏడాది చివర్లో, మూతపడి ఉన్న పాత అప్పీలు వ్యవస్థకే భారత్ అప్పీలు చేసుకుంది. దాంతో తీర్పు అమలు నిలిచిపోయింది.

ప్రమాణాల సంస్థల్లో ఈయూ ప్రతిసారీ గెలుస్తుందనీ అనుకోనవసరం లేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు నిర్ణయించే కోడెక్స్ అలిమెంటేరియస్ కమిషన్‌లో 2012 జులైలో, పందులకు, పశువులకు మేతలో ఇచ్చే రాక్టోపమైన్ అనే మందు అవశేషాలకు పరిమితులు ఖరారు చేయాలా వద్దా అన్నది ఓటింగుకు వచ్చింది. ఈయూ అసలు అనుమతించకూడదని వాదించింది. 69-67 తేడాతో ఓడిపోయింది. ఓడినా తన సంతలోకి ఆ మాంసాన్ని రానివ్వలేదు. అంతర్జాతీయ వేదికపై ఓడి, సొంత మార్కెట్ తలుపు దగ్గర గెలవడం ఈయూకు అలవాటైన విద్య.

అంతర్జాతీయ ద్రవ్యనిధిలో దీనికి పూర్తి విరుద్ధమైన దృశ్యం. ఉమ్మడి కరెన్సీ ఉన్న దేశాలకు ఉమ్మడి కుర్చీ లేదు. జర్మనీ, ఫ్రాన్స్‌లకు సొంత డైరెక్టర్లు ఉండగా, స్పెయిన్ మెక్సికో తదితర లాటిన్ అమెరికా దేశాలతో, ఐర్లాండ్ కెనడా, కరీబియన్ దేశాలతో, పోలండ్ స్విట్జర్లాండ్‌తో కుర్చీలు పంచుకుంటాయి. యూరో దేశాలకు 2025 నాటికల్లా ఒకే ప్రాతినిధ్యం ఉండాలని కమిషన్ 2015లో ప్రతిపాదించింది. ఆ గడువు దాటిపోయినా కుర్చీ రాలేదు. యూరో దేశాల వాటాలన్నీ కలిపితే 20 శాతం పైమాటే. అమెరికా వాటా 17 శాతం పైచిలుకు మాత్రమే. అత్యధిక వాటా ఉన్న సభ్యుడి భూభాగంలోనే ప్రధాన కార్యాలయం ఉండాలని ద్రవ్యనిధి ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. యూరో దేశాలు నిజంగా ఒక్కటై ఒకే సభ్యురాలిగా మారితే వాషింగ్టన్ నుంచి సామాను సర్దుకోవలసి వస్తుందన్నమాట. బెర్లిన్, పారిస్ తమ కుర్చీలు వదులుకోనంతకాలం ఆ భయం ఎవరికీ అక్కర్లేదు.

ఒక్క చేయి లేవకపోతే

ఏకగ్రీవ నియమం ఆచరణలో ఎలా పనిచేస్తుందో చూడటానికి 2017 జూన్ మంచి ఉదాహరణ. సమితి మానవ హక్కుల మండలిలో చైనాను విమర్శిస్తూ ఈయూ చేయదలచిన ప్రకటనను గ్రీస్ అడ్డుకుంది. అలాంటి విమర్శ నిర్మాణాత్మకం కాదన్నది ఏథెన్స్ వాదన. అంతకు ముందు ఏడాదే గ్రీస్‌లోని పిరేయస్ రేవు సంస్థలో 51 శాతం వాటాను చైనా ప్రభుత్వ నౌకా సంస్థ కాస్కో కొనుగోలు చేసింది. అప్పుల సంక్షోభంలో ఆస్తులు అమ్మక తప్పదని గ్రీస్‌ను ఒత్తిడి చేసింది ఈయూ రుణదాతలే అన్న సంగతి గుర్తుంటే, ఆ ప్రకటన ఆగిపోవడంలో బ్రసెల్స్ వాటా కూడా తెలుస్తుంది.

2020లో బెలారస్ ఎన్నికల అక్రమాలపై ఆంక్షలను సైప్రస్ వారాల తరబడి ఆపింది. బెలారస్‌తో దానికి తగువేమీ లేదు. తూర్పు మధ్యధరాలో టర్కీపై కూడా కఠినంగా ఉండాలన్నదే దాని పట్టు. ఒక విషయంలోని వీటోను మరో విషయంలో బేరానికి వాడుకోవడం అప్పటి నుంచి మరింత పెరిగింది. రష్యాపై ఆర్థిక ఆంక్షలను ప్రతి ఆరు నెలలకోసారి ఏకగ్రీవంగా పొడిగించాలి కనుక హంగరీ ప్రధాని విక్టర్ ఒర్బాన్‌కు ఏడాదికి రెండుసార్లు బేరమాడే గడువు దానంతటదే వచ్చేది. 2023 డిసెంబరు 14న ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు ప్రారంభించే నిర్ణయం తీసుకునే వేళ ఆయన గది బయటికి వెళ్లారు. మిగతా 26 మంది ‘ఏకగ్రీవంగా’ ఆమోదించారు. ఆ రాత్రే ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల యూరోల సాయాన్ని మాత్రం ఆయన అడ్డుకున్నారు. అది 2024 ఫిబ్రవరి 1న గానీ తేలలేదు.

ఈ చిక్కుముడికి ఈయూ కనిపెట్టిన విరుగుడు ఆసక్తికరమైనది. రాజకీయ ప్రశ్నను ఆర్థిక ప్రశ్నగా మార్చడమే ఆ విరుగుడు. ఈయూలో స్తంభింపజేసిన రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తులు, సుమారు 21,000 కోట్ల యూరోలు, ఎక్కువ భాగం బెల్జియంలోని యూరోక్లియర్ సంస్థలో ఉన్నాయి. ఆంక్షల పొడిగింపు ఒక్కసారి విఫలమైతే ఆ డబ్బు మాస్కోకు తిరిగి వెళ్లే ప్రమాదం ఉండేది. 2025 డిసెంబరులో ఈయూ విదేశాంగ విధానపు అధికరణను పక్కనబెట్టి, తీవ్ర ఆర్థిక ఇబ్బందులను ఎదుర్కొనేందుకు ఉద్దేశించిన 122వ అధికరణను చేతబట్టి, మెజారిటీ ఓటుతో ఆ ఆస్తులు కదలకుండా కట్టడి చేసింది. హంగరీ వ్యతిరేకించినా ఆపలేకపోయింది. ఆ అధికరణ దీనికోసం రాసింది కాదన్న న్యాయపరమైన విమర్శలో పస ఉంది. రాజకీయంగా మాత్రం ఇది ఈయూ బాగా నేర్చుకున్న పాఠం: తలుపు మూసి ఉంటే, కిటికీ ఏ అధికరణలో ఉందో వెతకాలి.

సంత బలానికీ ఒక హద్దుంది. ఇరాన్ వ్యవహారంలో అది బయటపడింది. 2003లో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ మొదలుపెట్టిన చర్చలకు తరువాత ఈయూ ఉన్నత ప్రతినిధి సమన్వయకర్త అయ్యారు. 2015 జులై 14న వియన్నాలో కుదిరిన అణు ఒప్పందం ఈయూ దౌత్యానికి శిఖరం వంటిది. 2018 మేలో అమెరికా వైదొలగి ఆంక్షలు తిరిగి విధించగానే, వాటిని పాటించవద్దని ఈయూ తన కంపెనీలకు చట్టం చేసి మరీ చెప్పింది. ఫ్రెంచి చమురు సంస్థ టోటల్ సహా పెద్ద కంపెనీలన్నీ ఇరాన్ వదిలి వెళ్లిపోయాయి. డాలరు లేకుండా వ్యాపారం జరిపేందుకు 2019లో పెట్టిన ఇన్‌స్టెక్స్ అనే ఏర్పాటు ఒకే ఒక్క లావాదేవీ పూర్తిచేసి, 2023లో మూతపడింది. 2025 ఆగస్టులో సమితి ఆంక్షలను తిరిగి రప్పించే ప్రక్రియను మొదలుపెట్టింది ఆ మూడు దేశాలే. ఈయూకు ఆ హక్కు లేదు, భద్రతా మండలి తీర్మానం దాన్ని ఒప్పందంలో భాగస్వాములైన రాజ్యాలకే ఇచ్చింది.

చెరువు గట్టు దాకా వచ్చే విదేశాంగ విధానం

ఈయూ పలుకుబడి తెలుగు నేలపై తెలిసేది దౌత్య ప్రకటనల ద్వారా కాదు, రొయ్యల ద్వారా. దేశంలో సాగు రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. నిషిద్ధ యాంటీబయాటిక్ అవశేషాలు కనబడుతున్నాయంటూ ఈయూ 2016లో భారత సాగు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే వెళ్లే ప్రతి రెండు కన్‌సైన్‌మెంట్లలో ఒకటి రేవులో పరీక్ష ఫలితం కోసం ఆగవలసిందే. ఈయూకు పంపే సరుకైతే పట్టుబడికి ముందే చెరువులోని నమూనాను ఎలిసా ల్యాబులో పరీక్ష చేయించి పత్రం తీసుకోవాలి. భీమవరం పరిసరాల రైతు మేతలో ఏం కలపాలో, ఏం కలపకూడదో నిర్ణయించే నిబంధనలను రూపొందించిన సభల్లో భారత్‌కు ఓటు లేదు. 2025లో అమెరికా భారత సరుకులపై 50 శాతం దాకా సుంకాలు వేసినప్పుడు ఎగుమతిదారుల చూపు ఈయూ వైపు మళ్లింది. ఆ సెప్టెంబరులో ఈయూ మరో 102 భారతీయ మత్స్య ఎగుమతి సంస్థలకు అనుమతి ఇచ్చింది. ఇది కమిషన్ ఆరోగ్య విభాగం స్థాయిలో తీసుకున్న నిర్ణయం. ఏ దేశాధినేత వీటో కోసమూ ఎదురుచూడవలసిన పని పడలేదు.

భారత్-ఈయూ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కథలోనూ ఇదే విభజన కనిపిస్తుంది. 2007లో మొదలైన చర్చలు 2013లో ఆగిపోయాయి. 2022లో తిరిగి మొదలై, 2026 జనవరి 27న ఢిల్లీ శిఖరాగ్ర సమావేశంలో ముగిసినట్టు ప్రకటించారు. పెట్టుబడుల రక్షణ, ప్రాంతం పేరిట సరుకులకు దక్కే భౌగోళిక గుర్తింపుల చర్చలను దీన్నుంచి విడదీసి వేరుగా నడిపారు. ఆ విడదీతకు మూలం 2017 మేలో సింగపూర్ ఒప్పందంపై ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన అభిప్రాయంలో ఉంది. సరుకులు, సేవల వాణిజ్యం ఈయూకే చెందిన అధికారమని, పెట్టుబడిదారులకూ ప్రభుత్వాలకూ మధ్య వివాదాల పరిష్కారం వంటివి సభ్యదేశాలతో పంచుకున్నవని కోర్టు తేల్చింది. పంచుకున్న అధికారం ఉన్న ఒప్పందాన్ని ప్రతి సభ్యదేశపు చట్టసభ, కొన్నిచోట్ల ప్రాంతీయ సభలు కూడా ఆమోదించాలి. అలా ఆమోదం కోరితే ఏమవుతుందో కెనడాకు అప్పటికే అనుభవంలోకి వచ్చింది. 2016 అక్టోబరులో సుమారు 36 లక్షల జనాభా ఉన్న బెల్జియం ప్రాంతం వలోనియా ఒప్పుకోకపోవడంతో ఈయూ-కెనడా ఒప్పందంపై సంతకాలు ఆగిపోయాయి. రైతుల రక్షణ, వివాద న్యాయస్థానాలపై హామీలు రాయించుకున్నాకే ఆ నెల 30న సంతకాలు జరిగాయి. 2017 సెప్టెంబరు నుంచి దాని వాణిజ్య భాగం తాత్కాలికంగా అమలవుతోంది. పెట్టుబడుల భాగం మాత్రం సభ్యదేశాల చట్టసభలన్నీ ఆమోదించే దాకా అమల్లోకి రాదు. భారత్‌తో వాణిజ్య ఒప్పందానికి మంత్రుల మండలిలో మెజారిటీ, ఐరోపా పార్లమెంటు ఆమోదం చాలు. పెట్టుబడుల రక్షణ ఒప్పందం కుదిరిన నాడు అది వలోనియా దారిలోనే వెళ్లాలి.